నాలుగు నెలలకు ఇల్లు ఎవరిస్తారు?



ఈసారి వాక్యం దగ్గర మొదలుపెట్టడం లేదు. సంక్రాంతికి ముందు ఆదివారం మన మందిరంలో జరిగిన సంగతి దగ్గర మొదలుపెడతాం. ఆ రోజు ఆరాధనకు వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రార్థన మనవులు చెప్పే వేళ ఒక తల్లి లేచి నిలబడింది. ఆమె చిన్న కొడుకు, కోడలు, రెండేళ్ల మనవరాలు బెంగుళూరు వెళ్లి అప్పటికి పద్దెనిమిది రోజులు. అబ్బాయికి అక్కడ ఒక పెద్ద గోడౌనులో సూపర్‌వైజరు పని దొరికింది. మంచి పనే. జీతం కూడా పర్వాలేదు. ఇల్లే దొరకలేదు. "పిల్లని ఎత్తుకుని వీధులెంట తిరుగుతున్నారంటయ్యా. ఒక్క గది కోసం ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ అబ్బాయి మాకూ ఫోను చేశాడు. అతను చెప్పినవి ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే రేపు వెళ్లబోయే పిల్లలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. బెంగుళూరులో ఇల్లు కావాలంటే ముందు అడ్వాన్సు. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, ఇప్పటికీ ఐదు నెలలు, ఆరు నెలలు అడిగేవాళ్లున్నారు. మొదటి జీతం చేతికొచ్చేది నెల దాటాక. అడ్వాన్సు అడిగేది మొదటి రోజున. ఈ మధ్యలో ఎక్కడుండాలి? పీజీలో ఉండొచ్చు కదా అని మేము అమాయకంగా అడిగాం. అతను నవ్వాడు. మారతహళ్లి చుట్టూ తెలుగు భోజనం పెట్టే పీజీలు వీధికి నాలుగున్నాయట. కానీ మగవాళ్ల పీజీ వేరు, ఆడవాళ్ల పీజీ వేరు. మొగుడూ పెళ్లామూ చంటిపిల్లా కలిసి ఉంటామంటే అక్కడ చోటు లేదు. రోజు అద్దెకిచ్చే గదులు రోజుకు పన్నెండు వందలు చెప్పారు. అలా నెల ఉంటే జీతమంతా గదికే సరి. చివరికి అతను స్నేహితుల గదిలో ఐదోవాడిగా నేల మీద పడుకున్నాడు. కోడలూ మనవరాలూ ఊరికి ఆ చివర వరసకు పిన్నమ్మ అయ్యే ఆమె ఇంట్లో. పెళ్లయి మూడేళ్లు, కాపురం రెండు చోట్ల.

ఇళ్లు చూడడానికి వెళ్తే ఒక ఓనరు ఏం తింటారని అడిగాడు. ఇంకొకాయన పేరు వినగానే, ఇంట్లో ప్రార్థనలు పెట్టి పాటలు పాడతారా అని అడిగాడు. మూడో ఆయన ఏమీ అడగలేదు, ఎంతకాలం ఉంటారని మాత్రం అడిగాడు. ఆరు నెలల తర్వాత కంపెనీ ఎక్కడికి పంపిస్తే అక్కడికి వెళ్లాలి సార్ అని మనవాడు ఉన్న నిజం చెప్పాడు. ఆయన తలుపు వేసేశాడు. అబద్ధం చెప్పుంటే ఇల్లు దొరికేదే అని అతను మాతో అన్నప్పుడు మాకు జవాబు తోచలేదు.

(ఒక చిన్న మాట, మర్చిపోకముందే. కొత్త ఊళ్లో అడ్రసు రుజువు లేక గ్యాసు కనెక్షను దొరకనివాళ్లు ఐదు కిలోల చిన్న సిలిండరు అడగండి. దానికి గుర్తింపు కార్డు చాలు, అడ్రసు రుజువు అక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఆ అమ్మాయి వారం రోజులు పిల్లకు పాలు హోటల్లో కాయించింది.)

సరే, ఆ ఆదివారం మనమందరం ప్రార్థించాం. పది నిమిషాల పైనే ప్రార్థించాం. పరదేశంలో ఉన్న మా బిడ్డలకు ఒక తలుపు తెరువు ప్రభువా అని మేము అన్నప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు వినిపించింది. అందరూ ఆమెన్ అన్నారు. మేము మాత్రం ఆ మాట నోట్లోనే మింగాం. ఎందుకో ఇప్పుడు చెబుతాం.

ఆ ఆదివారానికి ముందు గురువారం, పొద్దు వాలే వేళ, మా గుమ్మం ముందు ఇద్దరు నిలబడ్డారు. అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. అమ్మాయికి ఇంకా తక్కువ. ఆమె చంకలో ఎనిమిది నెలల మగపిల్లాడు, నిద్రపోతున్నాడు. శ్రీకాకుళం జిల్లా వాళ్లు. మన వైపు కొత్త రైలు మార్గం వేస్తున్నారు కదా, నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా 309 కిలోమీటర్లు. మన పొదిలి, కనిగిరి మీదుగా పోయే దాని మీదే ఆ అబ్బాయికి పని. వంతెనల దగ్గర సైటు సూపర్‌వైజరు. రైలు ఎప్పుడొస్తుందా అని మనం ఎదురుచూస్తున్నాం. స్టేషనుకు మన ఊరి పేరు పెడతారా పక్క ఊరి పేరు పెడతారా అని అరుగుల మీద వాదించుకుంటున్నాం కూడా. ఆ కట్ట పోసేవాళ్లు, ఆ వంతెన కట్టేవాళ్లు రాత్రిపూట ఎక్కడ పడుకుంటున్నారో మనలో ఎవరమైనా అడిగామా? మేము అడగలేదు.

సైటు దగ్గర రేకుల షెడ్లున్నాయి. ముప్పై మంది మగవాళ్లు, ఒక నీళ్ల ట్యాంకరు. స్నానానికి గోనెపట్టాలు కట్టిన మూల. అతను ఒంటరిగా ఉన్నంతకాలం అక్కడే ఉన్నాడు. ఊళ్లో అతని తల్లి చనిపోయాక ఆ అమ్మాయిని, పసివాణ్ణి చూసుకునేవాళ్లు లేక తనతో తీసుకొచ్చుకున్నాడు. "నాలుగు నెలలేనండి. ఈ బ్రిడ్జి అయిపోతే మమ్మల్ని ముందుకి పంపేస్తారండి" అన్నాడు. అద్దె ఇస్తానన్నాడు. కంపెనీ కాగితం, ఆధార్ కార్డు చేతిలో పట్టుకునే వచ్చాడు. ఊళ్లో అప్పటికి పదకొండు ఇళ్లు అడిగాడట. ఆ పదకొండూ అతను మాకు వరసగా చెప్పాడు. అందులో ఐదు మన సంఘస్థుల ఇళ్లు.

మన ఐదిళ్లలో ఏమన్నారు? ఒకచోట, నాలుగు నెలలకు ఎవరిస్తారు, సంవత్సరానికైతే చూద్దాం అన్నారు. ఒకచోట పసిపిల్లాడు రాత్రిళ్లు ఏడుస్తాడన్నారు. ఒకచోట నీళ్లు చాలవన్నారు, అది నిజమే కావచ్చు. మిగిలిన రెండు చోట్లా ముందు ఒక ప్రశ్న అడిగారు. మీరేమిట్లు? అతను చెప్పాడు. ఇల్లు లేదన్నారు.

ఆ అబ్బాయి ఏం చెప్పాడో ఇక్కడ రాయం. రాస్తే మీలో కొందరు 'అందుకేలే' అనుకుంటారు. ఆ 'అందుకేలే' మన తాతలు విన్నారు, మన నాన్నలు విన్నారు. ఊళ్లో బావి దగ్గర విన్నారు, హోటల్లో గ్లాసు దగ్గర విన్నారు. మందిరంలో ఒకే బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకోవడం మొదలుపెట్టాక ఆ మాట మన నోట రాదని అనుకున్నాం. వచ్చింది. బెంగుళూరులో మనవాణ్ణి ఏం తింటారని అడిగిన ఓనరు మీద మనకెంత కోపం వచ్చిందో, ఆ కోపంలో పిసరంత కూడా మన మీద మనకు రాలేదు.

ఇక మా సంగతి. ఇతరుల తప్పు రాసి మా తప్పు దాచుకుంటే ఈ వ్యాసం దేవుని ముందు నిలవదు.

మందిరం వెనక గది ఉంది. 2016లో మీ కానుకలతోనే కట్టాం. ఉజ్జీవ కూటాలకు వచ్చే దైవజనులు బస చేయడానికి. మంచం, పరుపు, బల్ల, ఫ్యాను, లోపలే బాత్రూము. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్ద ప్రసంగీకులు ఒకరు వస్తున్నారని వెస్ట్రన్ కమోడు కూడా పెట్టించాం, దాని గురించి కమిటీలో ఎంత గొడవ జరిగిందో పాతవాళ్లకు తెలుసు. పోయిన సంవత్సరం ఆ గదిలో ఎన్ని రాత్రులు మనుషులు పడుకున్నారో మా ఇంటివారు లెక్క చెప్పారు. తొమ్మిది. మిగిలిన 356 రాత్రులు అందులో పడుకున్నది సౌండు బాక్సులు, క్రిస్మస్ నక్షత్రాలు, పశువుల తొట్టి బొమ్మ. సత్రంలో చోటు దొరకని కుటుంబం బొమ్మను తాళం వేసిన గదిలో భద్రంగా పెట్టి, చోటు దొరకని కుటుంబాన్ని గుమ్మంలో నిలబెట్టాం.

ఆ అబ్బాయి ఆ గదినే చూపించి అడిగాడు. మేము ఏమన్నామంటే, "కమిటీ వారితో మాట్లాడి ఆదివారం చెబుతాం బాబూ." చాలా మృదువుగా అన్నాం. సేవకులకు మృదువుగా కాదనడం బాగా అలవాటు. మా ఇంటివారు పసివాడికి పాలు ఇచ్చి పంపారు. వాళ్లు వెళ్లాక గిన్నె కడుగుతూ ఒక్క మాటే అన్నారు, "తాళంచెవి మేకుకే ఉందిగా."

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. క్రిస్మస్ ఖర్చుల లెక్కలు గంటన్నర నడిచాయి. టెంటు వాడికి ఇవ్వాల్సిన బాకీ దగ్గర మాట పెరిగింది. ఆ వేడిలో ఈ విషయం ఎత్తడం బాగుండదని మేము ఎత్తలేదు. ఇదీ జరిగింది. కాబట్టి కమిటీ కాదన్నదని ఎవరూ అనుకోవద్దు. కమిటీకి తెలియనే తెలియదు. మేము అడగలేదు.

మంగళవారం కిరాణా కొట్టు దగ్గర తెలిసింది, వాళ్లకు చోటు దొరికిందని. ఇచ్చింది మన సంఘం వాడు కాదు, మన మతం వాడూ కాదు. పరుపులు కుట్టే దూదేకుల ఆయన. ముందు గదిలో ఉన్న దూది, మిషను బయట పందిట్లోకి మార్చుకుని ఆ గది వాళ్లకిచ్చాడు. నెలకు పదిహేను వందలు, అడ్వాన్సు లేదు. మేము వెళ్లి కలిశాం. ఎందుకిచ్చావని అడగడం అదో మర్యాద కాదని తెలిసినా అడిగాం. "మేము ఈ ఊరొచ్చినప్పుడు ఆర్నెల్లు బస్టాండు పక్కన పట్ట కింద ఉన్నాం సారూ" అన్నాడు. అంతే. మళ్లీ సూది పట్టుకున్నాడు.

ఆ రాత్రి మేము అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయం తీశాం. ఎన్నిసార్లు ప్రసంగించామో ఆ భాగం మీద. పౌలు ఏథెన్సు నుంచి కొరింథు వస్తాడు. కొత్త ఊరు. అక్కడ అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అతన్ని తమ దగ్గర ఉంచుకుంటారు. ముగ్గురిదీ ఒకే పని, డేరాలు కుట్టడం. ఇదంతా మనకు తెలిసిందే. కానీ వాళ్లు ఎవరో, అంతకుముందు ఎక్కడున్నారో లూకా ఎందుకు అంత వివరంగా రాశాడో మేము ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్లు కొరింథు సొంతవాళ్లు కాదు. క్లౌదియ చక్రవర్తి యూదులందరినీ రోమా పట్టణం విడిచి పొమ్మన్నాడు. అది క్రీ.శ. 49 ప్రాంతంలో జరిగిందని చరిత్ర పండితులు ఎక్కువమంది చెబుతారు. ఆ ఆజ్ఞ వల్ల సామాను సర్దుకుని కొత్తగా వచ్చి పడినవాళ్లు. వాళ్లకే ఇంకా కుదురు లేదు. ఆ ఇంట్లో పౌలుకు చోటిచ్చారు. కొరింథులో తాతముత్తాతల నాటి ఇళ్లున్నవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో. పనివాడైన పౌలుకు మొదటి తలుపు తెరిచింది కొత్తగా వచ్చినవాళ్లు.

అక్కణ్ణించి న్యాయాధిపతుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయానికి వెళ్లాం. ఆ అధ్యాయం ఆదివారం చదవడానికి ఎవరికీ ధైర్యం చాలదు, అంత ఘోరం అందులో ఉంది. ఆ ఘోరానికి ముందున్న నాలుగైదు వచనాలే చూడండి. ప్రయాణంలో ఉన్న లేవీయుడు గిబియా ఊరి వీధిలో కూర్చుంటాడు. అతని దగ్గర గాడిదలకు మేత ఉంది, తమకు రొట్టె, ద్రాక్షారసం ఉన్నాయి. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు, పడుకోవడానికి చోటు తప్ప. అది సొంత ఇశ్రాయేలీయుల ఊరు. అన్యుల ఊరు వద్దని ఏరికోరి అక్కడికి వచ్చాడు. ఆ ఊరివాడెవడూ లోపలికి పిలవలేదు. చివరికి పొలం నుంచి తిరిగొస్తున్న ఒక ముసలివాడు పిలిచాడు. ఆ ముసలివాడు ఆ ఊరివాడు కాదు, ఎఫ్రాయిము మన్యం నుంచి వచ్చి అక్కడ కాపురముంటున్నవాడు.

సెమినరీలో మాకు ఆతిథ్యం గురించి ఒక పాఠం ఉండేది. నోట్సు కూడా రాసుకున్నాం. ఇది మాత్రం అందులో లేదు. దీన్ని మాకు చెప్పింది పందిట్లో కూర్చుని పరుపు కుడుతున్న మనిషి.

మనం మాత్రం వచ్చినవాళ్లం కాదా? పొగాకు బ్యారన్ల పనికి, మిరపకోతలకు పిల్లల్ని ఎత్తుకుని వలస పోయిన ఇళ్లు మన సంఘంలో ఎన్ని లేవు! మా సంగతే చెప్పుకుంటే, 2008లో పెళ్లయిన కొత్తలో మొదటి సేవాస్థలానికి వెళ్లాం. రెండు ట్రంకు పెట్టెలు, ఒక కిరసనాయిలు స్టవ్వు. పాస్టరంటే రోజూ మైకు పెడతాడని ఎవరూ ఇల్లివ్వలేదు. తొమ్మిది రోజులు ఒక విశ్వాసి గారి పశువుల కొట్టంలో సగానికి చాప అడ్డం కట్టుకుని ఉన్నాం. ఆ తొమ్మిది రోజులూ మా ఇంటివారు ఏడవలేదు. ఇల్లు దొరికిన రోజున ఏడ్చారు. ఇది మేము చాలాసార్లు సాక్ష్యంగా చెప్పాం, మీరు విన్నారు. సాక్ష్యం చెప్పడానికి గుర్తుంది, తాళం తీయడానికి గుర్తు రాలేదు.

ఇప్పుడు మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఆ గదిని, పని మీద మన ఊరొచ్చిన కుటుంబాలకు కొద్ది నెలలకు ఇవ్వాలి. వాళ్లు మన విశ్వాసులు కానక్కర్లేదు. ఏమిట్లు అని అడగకూడదు.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. ఈ పది రోజుల్లో నలుగురైదుగురితో విడిగా మాట్లాడాం, కొన్ని అప్పుడే వచ్చాయి. దేవుని మందిరం లాడ్జి కాదు అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన భక్తి మీద మాకు గౌరవం ఉంది. కానీ షూనేములో ఘనురాలైన స్త్రీ ఎలీషా కోసం మేడ మీద గది కట్టించినప్పుడు అందులో ఏం పెట్టించింది? మంచం, బల్ల, పీట, దీపస్తంభం. దారిన పోయే మనిషికి ఒక రాత్రికి ఏం కావాలో అవే. మనం కట్టిన గది కూడా ఆమెను తలచుకునే కట్టాం, ప్రతిష్ఠ రోజున ఆ భాగమే చదివాం. ఎలీషాలు ఏడాదికి తొమ్మిది రాత్రులే వస్తున్నారు. వాళ్లు వచ్చే తేదీలు మనకు మూడు నెలల ముందే తెలుసు. ఆ రాత్రులకు మా ఇంట్లో ముందు గది ఉంది. మేము వసారాలో పడుకుంటాం.

ఒకసారి ఇస్తే ఖాళీ చెయ్యరు అనేది రెండో భయం. ఈ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అలా ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు మనకు తెలుసు. కాగితం రాసుకుందాం. ఊళ్లలో అద్దె కాగితం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. సంవత్సరం దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి, అది తప్పించుకోవడానికి పదకొండు. మనం రాసేది నాలుగు నెలలకో ఐదు నెలలకో. ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్తారు, పని ఇచ్చినవారి ఉత్తరం, ఇద్దరు సాక్షులు. కరెంటుకు వేరే సబ్ మీటరు. ఇలా ముందే తేదీ రాసుకుని వచ్చేవాళ్ల గురించి భయపడి, తేదీ చెప్పకుండా వచ్చేవాళ్లకు ఇవ్వడం ఏం తెలివో మాకు అర్థం కాలేదు. నాలుగు నెలలే ఉంటామని నిజం చెప్పినందుకే కదా ఆ అబ్బాయికి మన ఐదిళ్లలో ఒకటి పోయింది.

అద్దె తీసుకోవాలా అని అడిగారు. తీసుకుందాం. ఊరికే ఇస్తే ఆత్మాభిమానం ఉన్నవాళ్లు రారు. కరెంటుకు, నీళ్లకు, సున్నానికి సరిపోయేంత. అడ్వాన్సు వద్దు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టంలో నివాసపు ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని ఉంది. అది మాదిరి మాత్రమే, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. చట్టం చెయ్యడానికి ప్రభుత్వాలకు టైము పట్టొచ్చు. మందిరం వెనక గదికి అడ్వాన్సు వద్దనడానికి మనకు ఒక సాయంత్రం చాలు.

ఇంకొకటి, కొందరు మంచి మనసుతోనే అడిగారు. ఆ వచ్చినవాళ్లను ఆరాధనకు రమ్మని షరతు పెడదామా, ఆ విధంగానైనా ఆత్మలు రక్షించబడతాయి కదా అని. ఒప్పుకోం. ఇల్లు లేనివాడి అవసరాన్ని అడ్డం పెట్టుకుని మందిరంలో కూర్చోబెడితే అతను వినేది సువార్త కాదు, అద్దె. పిలుద్దాం, పండక్కి పిలిచినట్టు పిలుద్దాం. వస్తే సంతోషం. ఆ శ్రీకాకుళం అమ్మాయి మన ఆరాధనకు రాలేదు. మా ఇంటివారు రెండుసార్లు వెళ్లి పిల్లాణ్ణి ఆడించి వచ్చారు. రమ్మని అడగలేదు. గది ఇవ్వనివాళ్లం మందిరానికి రమ్మని ఏ మొహంతో అడుగుతాం?

గది ఒక్కటే ఉంది, అదెంతమందికి వస్తుంది అనే మాట మిగిలింది. నిజమే. అందుకే పోయిన వారం పేట మొత్తం తిరిగి లెక్కపెట్టాం. తాళాలు పడి ఉన్న ఇళ్లు పద్నాలుగు. పద్నాలుగూ హైదరాబాదుకో, బెంగుళూరుకో, చెన్నైకో వెళ్లిన మన పిల్లలవే. గోడల మీద చెదలు, ముంగిట్లో తుమ్మమొక్కలు. ఆ పద్నాలుగిళ్ల యజమానులు ఎక్కడో ఏదో ఊళ్లో ఇంకొకరి ఇంటి ముందు నిలబడి, కొద్ది నెలలకైనా సరే ఇవ్వండి అని అడిగినవాళ్లే, ఇప్పుడు అడుగుతున్నవాళ్లే. అందులో ఒక ఇల్లు ఎవరిదో మేము చెప్పం. ఆ ఇంటివాళ్లు మాతో మాట్లాడారు, తాళం తీయిస్తామన్నారు. అది వాళ్లు చెప్పుకుంటేనే బాగుంటుంది.

బెంగుళూరు అబ్బాయి సంగతి అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాం. పోయిన శనివారం ఇల్లు దొరికింది. వంటగది, ఒక గది. మూడు నెలల అడ్వాన్సుకు ఓనరు దిగాడు, అందులో సగం మన యువజనుల నిధి నుంచి అప్పుగా పంపాం. తిరిగి ఎప్పుడిస్తావని ఎవరూ ఫోను చేయకండి, ఇస్తాడు. తలుపు తెరువు అని మనం అడిగాం, తెరుచుకుంది. ఆ తల్లి ఈ ఆదివారం కృతజ్ఞత కానుక తెస్తానంది.

ఇక పనులు. ఈ ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుంది. ఈసారి ముందు గది విషయం, ఆ తర్వాతే టెంటు బాకీ. అభ్యంతరం ఉన్నవాళ్లు తప్పకుండా రండి, రాని వాళ్ల తరఫున మేము మాట్లాడం. శనివారం సాయంత్రం గది ఖాళీ చేస్తున్నాం. సౌండు బాక్సులు మా ఇంటికి తెచ్చుకుంటాం, బరువైనవి, యువజనులు ఇద్దరు ముగ్గురు కావాలి. ఫ్యాను రెగ్యులేటరు పోయింది, బాత్రూములో కుళాయి కారుతోంది. మన తమ్ముళ్లలో ఎలక్ట్రీషియన్లు ఇద్దరు, ప్లంబరు ఒకరు ఉన్నారు, ఎవరో వాళ్లకే తెలుసు. ఊరవతల ఉండి ఇక్కడ ఇల్లు తాళం వేసుకున్నవాళ్లు, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో మాకు ఒక ఫోను చేసి చెప్పండి. రైలు కట్ట మీద రెండో వంతెన పని ఉగాది తర్వాత మొదలవుతుందట. దానికి ఇంకో ముగ్గురు కుటుంబాలతో వస్తున్నారని ఆ అబ్బాయి చెప్పాడు.